వలస పిల్లల హాస్టల్లో సంతాప సభ

పెద్దాయన పోయిన సంగతి నాకు ఫోనులో తెలిసింది. ఆదోని నుంచి మా పార్టీ అధ్యక్షుడు చేశాడు. ఆ కబురు చెప్పడానికి కాదు, ఫ్లెక్సీ కొలత అడగడానికి.

"అన్నా, ఆఫీసు ముందర గోడకు ఎంత సైజు పడతాది?"

"దేనికప్పా?"

"టీవీ సూడ్లేదా? ఢిల్లీలో పెద్దాయన పోయినాడు. పొద్దున్నే బిన్నా వచ్చేయ్. నల్ల గుడ్డ ఎమ్మిగనూరులోనే తీసుకో. ఈడ షాపులు తెరిసే సరికి పొద్దెక్కుతాది."

పదడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తు అని చెప్పాను. ఆ గోడను కొత్తగా కొలవాల్సిన పని లేదు. పుట్టినరోజులకు, గెలుపులకు, చావులకు మాకున్నది అదొక్క గోడే. పాత మేకులే పనికొస్తాయి. బొమ్మ మారుతుంది.

ఆ పెద్దాయనను నేను ఒక్కసారి కూడా సరిగా చూడలేదు. చాలా ఏళ్ల కిందట కర్నూలుకు వచ్చినప్పుడు జనం ముందుకు తోసుకు రాకుండా తాడు పట్టుకుని నిలబెట్టారు నన్ను. జనం వైపు నా ముఖం, వేదిక వైపు నా వీపు. ఆయన గొంతు మాత్రం విన్నాను. నెమ్మదైన గొంతు. ఏం చెప్పాడో గుర్తు లేదు గానీ, అరవకుండా మాట్లాడిన నాయకుడని ఆ రోజు అనుకున్నాను. ఫోను పెట్టేశాక కాసేపు ఆ గొంతు గుర్తుకు తెచ్చుకుందామని కూర్చున్నాను. ఇంతలో ఇంకో ఫోను వచ్చింది. బ్యాడ్జీలకు గుండుసూదులు మర్చిపోవద్దని.

ఇంట్లో కూర్చుని చూసేవాళ్లకు జాతీయ సంతాప దినాలంటే సగానికి దించిన జెండా, టీవీలో నిదానమైన సంగీతం. మాలాంటి వాళ్లకు కుర్చీలు, మైకు, పూలదండ. ఆదోనిలో ఒక్క సంతాప సభతో సరిపోదు. మార్కెట్ యార్డు వాళ్లది వేరు, లారీల వాళ్లది వేరు, వకీళ్లది వేరు. ఎమ్మిగనూరులో నేతగాళ్ల సంఘానిది ఇంకొకటి. అన్ని సభలకూ ఒకటే ఫోటో. దాన్ని ఆటోలో నిలబెట్టి, కింద పడకుండా పట్టుకుని, ఊరి ఈ కొస నుంచి ఆ కొసకు తిరిగాను. దండ వాడిపోతే నీళ్లు చల్లాను.

నేను ఏడో తరగతి దాకా చదివాను. లెక్కలు నేర్చుకున్నది బడిలో కాదు, ఆదోని పత్తి మార్కెట్లో. కాటా పక్కన పనికి కుదిరిన కొత్తలో, కుప్పను చూసి బరువు అనుకోవడం, తర్వాత కాటా మీద చూసి ఎంత తేడా వచ్చిందో మనసులో పెట్టుకోవడం అలవాటైంది. పార్టీలోకి వచ్చాక పత్తి కుప్పల బదులు జనం. ఏ మైదానం నిండడానికి ఎన్ని ఆటోలు పంపాలో నన్నే అడుగుతారు. సంతాప సభ లెక్క మాత్రం మామూలు సభ లెక్క కాదు. వచ్చినవాళ్లు పువ్వు వేసి, దండం పెట్టి, వెళ్లిపోతారు. కూర్చునేవాళ్లు తక్కువ. కాబట్టి కుర్చీలు తక్కువ వేసి, దూరం దూరంగా సర్దాలి. ఖాళీ కుర్చీ ఫోటోలో పడితే పోయినాయన పరువు కాదు, మా అధ్యక్షుడి పరువు పోతుంది.

ఈ పనుల మధ్య నన్ను ఒక పని లోపల్నుంచి తొలుస్తూ ఉంది. అది కోసిగి పక్క ఒక పల్లెలో హాస్టల్ సంగతి.

ఆ పల్లెల్లో పత్తి తీతలు అయిపోతే ఊళ్లో పని ఉండదు. కూలీలను కూడగట్టే మేస్త్రీ లారీ తెస్తాడు. ఇంటికి తాళం వేసి గుంటూరు వైపు మిరపకాయల కోతకు ఎక్కుతారు. పిల్లలు కూడా ఎక్కుతారు. ఎండాకాలానికి తిరిగి వచ్చేసరికి పుస్తకంలో సగం పాఠాలు అయిపోయి ఉంటాయి. అందుకే వలస పోయేవాళ్ల పిల్లలు ఊళ్లోనే ఉండి తిని చదువుకునేలా బడుల్లో హాస్టళ్లు నడుపుతారు. ఈ పల్లె బడిలో చోటు లేదు. బడి ఆవరణలోనే రెండు గదులు, పక్కన వంటకు ఒక కొట్టం కట్టించడానికి నేను కోసిగికి, ఆదోనికి, కర్నూలుకు తిరిగాను. నాతో పాటు ఊరివాళ్లూ తిరిగారు. ఎట్టకేలకు గదులు లేచాయి. రంగు వేశారు. చాపలు, పళ్లేలు, బియ్యం వచ్చాయి. వంటమనిషిని పెట్టారు. మా నియోజకవర్గం నాయకుడు, అందరం పెద్దన్న అంటాం, వచ్చి రిబ్బను కత్తిరించడమే మిగిలింది. ముందు తలుపుకు రిబ్బను కూడా కట్టేశారు. రిబ్బను కత్తిరించకుండా తలుపు తెరవకూడదని ఏ చట్టంలోనూ లేదు. మా దగ్గర మాత్రం అదే పెద్ద చట్టం.

సరిగ్గా ఆ వారమే పెద్దాయన పోయాడు.

"ప్రారంభోత్సవాలు ఏవీ ల్యావు," అన్నాడు అధ్యక్షుడు, నేను ఆయన చొక్కాకు నల్ల బ్యాడ్జీ గుచ్చుతుంటే. "సంతాప దినాలు అయినాక పెద్దన్న డేటిస్తాడు."

"అంతలోపల లారీ వచ్చేస్తాది గదప్పా. పిల్లోల్లు ఎక్కిపోతే ఇంక హాస్టల్ ఎవరికి?"

"దేశమంతా ఏడుస్తాంటే మనం పోయి రిబ్బను కత్తిరిస్తే టీవీలో ఏస్తారు. నువ్వు గమ్మునుండన్నా. సూది గుచ్చుకుంటాది సూడు."

ఆయన మాటలోనూ న్యాయం ఉంది. బ్యాడ్జీ గుచ్చడం పూర్తి చేశాను.

ఆదోనిలో పెద్ద సంతాప సభ రోజు ఆ పల్లె నుంచి ఆడవాళ్లు ఆటోలో వచ్చారు. వాళ్లలో ఒకామె మా పార్టీ సభలన్నిటికీ వచ్చే కూలి మనిషి. నన్ను అన్నా అంటుంది. జెండా పట్టుకుంటే ఆమె చేయి దించదు. అందుకే ఫోటోలు తీసేవాళ్లు ఆమెను ముందు నిలబెడతారు. ఆ రోజు జెండాలు లేవు. పువ్వు వేసి, నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"అన్నా, పెద్దాయన పోతే పిల్లోల్ల గదులకు తాళమేంటికి?"

"సంతాప దినాలమ్మా. శుభకార్యాలు చేయకూడదు."

"పిల్లోల్లకు బువ్వ పెట్టేది శుభకార్యమా? సావింట్లో కూడా పెడతారు గదా బువ్వ."

ఆమె భర్త ముందే జట్టుతో గుంటూరు పక్కకు వెళ్లిపోయాడు. మిగిలినవాళ్ల కోసం లారీ మూడో రోజు తెల్లవారకముందే వస్తుందని కబురు పెట్టాడు. ఆమె పోక తప్పదు. ఆమె కూతురు తొమ్మిదో తరగతి. కిందటి రెండు చలికాలాలూ తల్లితో వెళ్లింది. మిరప ఘాటుకు మండే చేతులతో తిరిగి వచ్చి, తోటిపిల్లలు ఏ పాఠంలో ఉన్నారో తెలియక వెనక బెంచీలో కూర్చుంది. ఈసారి కూడా వెళితే పదో తరగతి మాట మర్చిపోవలసిందేనని పంతులు చెప్పాడు.

"ఒంటి ఆడపిల్లను ఇంట్లో ఇడిసి పోలేనన్నా. తీసకపోతే ఇంక బడికి రాదు. ఆడనే ఎవరో ఒకరు పెండ్లికి అడుగుతారు, ఆళ్ల నాయన సరే అంటాడు, అంతే. ఆ గదిలో కిటికీ పక్కన నాదంట, సాప ఏసుకోవల్లంట. బయట నుంచి సూసి సోటు కూడా పెట్టుకునింది."

అంత చెప్పి, ఆటో వాడు హారన్ కొడుతుంటే, "ఆ బొమ్మాయనకు ఇన్ని దండలేస్తిరి, ఆయన్నే అడిగి సెప్పుపో ఒకమాట!" అని ఎగతాళిగా అనేసి ఎక్కింది.

మరునాడు ఆ పల్లెకు బండి మీద వెళ్లాను. హెడ్‌మాస్టరు మంచివాడే. ఎమ్మిగనూరు నుంచి రోజూ వచ్చి పోతాడు. తాళంచెవి తన దగ్గరే ఉందని చెప్పాడు గానీ ఇవ్వలేదు.

"పైనుంచి మాట ల్యాకుండా తెరిస్తే నాకు మెమో వస్తాది. నీకేమన్నా, నీకు పార్టీ. నాకు ఉద్యోగం."

మేం మాట్లాడుతుంటే పిల్లలు కిటికీ జాలీకి ముఖాలు ఆనించి, లోపల చుట్టి పెట్టిన చాపలను చూస్తున్నారు. వాళ్ల ముక్కుల మీద జాలీ అచ్చులు పడ్డాయి. ఆ కూలి మనిషి కూతురు వాళ్లకంటే పెద్దది. కిటికీ దగ్గరికి రాలేదు. దూరంగా గోడకు ఆనుకుని చదువుకుంటున్నట్టు నటిస్తోంది. పేజీ తిప్పడం లేదు.

సావింట్లో కూడా బువ్వ పెడతారు గదా అన్న మాట అప్పుడు మళ్లీ నా చెవిలో పడింది. శుభకార్యం చేయకూడదు, సరే. సంతాప సభ చేయొచ్చు కదా. సంతాప సభలో అన్నదానం చేయొచ్చు. ఎండగా ఉంది కాబట్టి గదిలో పెట్టొచ్చు. తిన్న పిల్లలు అక్కడే పడుకుంటే లేపి పంపేది ఎవరు? ఒకసారి పిల్లలు లోపల ఉంటే హాస్టల్ నడుస్తున్నట్టే. ఎటునుంచి కూడినా మొత్తం సరిపోతోంది. వెంటనే అధ్యక్షుడికి ఫోను చేశాను.

"సంతాప సభా? పెట్టు పెట్టు. కోసిగి పక్క ఒక్కటన్నా కాలేదు. ఫోటోలు పంపియ్."

"కొత్త గదిలో పెడతా. బయట ఎండ."

"ఏమన్నా చేసుకో. రిబ్బను మాత్రం ముట్టుకోవద్దు."

ఆయనతోనే హెడ్‌మాస్టరుకు చెప్పించాను. పైమాట వచ్చినట్టయింది. తాళంచెవి నా చేతికి వచ్చింది.

లారీ రావడానికి ముందు రోజు, మధ్యాహ్నం సభ. రిబ్బను తెగకూడదు కాబట్టి ముందు తలుపు ముట్టుకోలేదు. వంటకొట్టం పక్కనున్న చిన్న తలుపు తెరిచి, వంగి వంగి అందరం అందులోంచే లోపలికి వెళ్లాం. ఆదోని నుంచి తెచ్చిన ఫోటోను గది చివర కుర్చీలో పెట్టాను. కొత్త దండ వేశాను. ప్రమిదలో దీపం పెట్టాను. నాకు ఏ పనీ అరకొరగా చేయడం చేతకాదు. సభ మధ్యలో ఆరిపోతే బాగుండదని నూనె అంచు దాకా పోశాను. ఊదొత్తులు వెలిగించాను. హెడ్‌మాస్టరు పెద్దాయన గురించి నాలుగు మంచి మాటలు చెప్పాడు. రెండు నిమిషాలు మౌనం అన్నాం. కొట్టంలో పప్పు మాడుతున్న వాసన వచ్చి వంటమనిషి మధ్యలోనే పరిగెత్తింది.

పిల్లలు వరసగా కూర్చుని తిన్నారు. బియ్యం సరిగ్గా సరిపోయాయి. ఎన్నో వారాల తర్వాత ఆ పూట నాకు కొంచెం తేలికగా అనిపించింది. పిల్లలు పళ్లేలు కడుక్కుని వచ్చి చాపలు విప్పుకుంటున్నారు. ఆ పెద్దపిల్ల కిటికీ పక్కకు వెళ్లి తన చాప పరిచి, కొసలు చేతితో సాపు చేసింది.

అప్పుడే తల్లులు లోపలికి వచ్చి, ఒక్కొక్క చాపే చుట్టడం మొదలుపెట్టారు.

"ఏమైందమ్మా?" అన్నాను.

ఆ ఊళ్లో అందరికంటే పెద్దావిడ, వంటమనిషి అత్త, ముందుకు వచ్చింది. పిల్లలంతా ఆమెను అవ్వ అంటారు. కుర్చీలోని ఫోటో వైపు గడ్డంతో చూపించింది.

"కొత్తింట్లో మొట్టమొదట సేసిన పని యేంది నాయనా? సచ్చినాయనకు తలకాడ దీపం పెట్టినావు. ఊదొత్తులు ముట్టిచ్చినావు. దినం కూడు పెట్టినావు. ఇంగ ఈడ పిల్లోల్లను పండుకోబెట్టల్లంటే ఎట్ల?"

"అవ్వా, ఆయన దేశానికి పెద్ద. మంచి మనిషి."

"మంచోడే. కాదన్లేదు. దేశానికి పెద్దయితే దేశంలో పెట్టుకోండి. మా పిల్లోల్ల తలకాడ ఏంటికి?"

ఎవరో కిసుక్కున నవ్వారు. నేను నవ్వలేకపోయాను. ఆమె చెప్పింది నాకు తెలియనిది కాదు. మా ఇంట్లోనూ కొత్త గదిలో అడుగు పెట్టేముందు పాలు పొంగించాం. ఆ వారమంతా రోజుకు ఎన్నో చోట్ల ఆ ఫోటో దింపి, దండ వేసి, దీపం పెట్టి, ఎత్తి, ఇంకో చోట పెట్టాను. నా చేతులకు అది కుర్చీలు సర్దే పనిలాగా అయిపోయింది. అది చావు అని చేతులు మర్చిపోయాయి.

కూలి మనిషి మాత్రం చాప చుట్టలేదు. కూతురి పక్కన నిలబడి నా వైపే చూస్తోంది. "పాలు పొంగిచ్చకుండానే మీటింగా పెడితివి అన్నా! ఇన్ని లెక్కలేస్తావు, ఇది తెలీదా నీకు?" అంది. కోపం లేదు. అలసట ఉంది. "ఇప్పుడేం జేయల్లో అది సెప్పు. లారీ రేపొద్దునే."

చెప్పింది అవ్వే. దీపం ఆరాక ఫోటో బయటికి పంపాలి. గది మొత్తం పసుపు నీళ్లతో కడగాలి. పాలు పొంగించాలి. అప్పుడు పిల్లలు ముందు తలుపులోంచి కుడికాలు పెట్టి లోపలికి రావాలి.

"ముందు తలుపా?" అన్నాడు హెడ్‌మాస్టరు. "రిబ్బను?"

"దాని కిందనుంచి వంగి వస్తారు," అంది కూలి మనిషి. "ఈ తలుపులో వంగలేదా, ఆ తలుపులో కూడా వంగుతారు."

"పాలు పొంగిస్తే అది ప్రారంభోత్సవమే కదన్నా," అన్నాడు హెడ్‌మాస్టరు నాతో, పక్కకు పిలిచి. "సంతాప దినాల్లో..."

నేను కొట్టం గట్టు మీద కూర్చున్నాను. అధ్యక్షుడిని అడగొచ్చు. అడిగితే వద్దంటాడు. వద్దన్నాక చేస్తే మాట మీరినట్టు. అడగకుండా చేస్తే తెలియక చేసినట్టు. ఎటు చూసినా తేడా నా తలమీదికే వచ్చేటప్పుడు, ఫోను చేయడం దండగ అనిపించింది.

"పాలు కాంచుకునేది వంటపని సార్," అన్నాను. "వంటమనిషి ఉంది, పొయ్యి ఉంది."

"నేను సూడ్లేదు," అని హెడ్‌మాస్టరు తరగతి గదిలోకి వెళ్లిపోయాడు.

కానీ దీపం ఆరదే. దీపం ఊది ఆర్పకూడదు. వెలుగుతుండగా కదిలించకూడదు. దానంతట అది కొండెక్కాలి. నేనేమో నూనె అంచు దాకా పోశాను. పిల్లలు, తల్లులు, నేను, అందరం ఆ ప్రమిద వైపు చూస్తూ కూర్చున్నాం. ఆ వారంలో నేను చూసిన సభలన్నిటిలోకీ ఎక్కువ సేపు జనం కదలకుండా కూర్చున్న సంతాప సభ అదే. ఒక చిన్నపిల్ల ఫోటోకు దగ్గరగా వెళ్లి, "ఈ తాత నవ్వుతాండాడు," అంది. అవ్వ కూడా వెళ్లి చూసి, "అవును, నవ్వుమొగమే పాపం," అంది. పొద్దు వాలుతుండగా వత్తి చిటపటలాడి, నీలంగా అయి, ఆరింది. ఫోటోను తువ్వాలులో చుట్టి నా బండి మీద పెట్టుకున్నాను.

ఈలోగా పాల కోసం వెళ్లినవాళ్లు తిరిగి వచ్చారు. ఊళ్లో ఉన్న ఒక్క బర్రె వట్టిపోయింది. మేకపాలు ఇస్తామన్నారు గానీ అవ్వ ఒప్పుకోలేదు. అంగట్లో పొట్లం పాలు దొరికాయి.

"పొట్లం పాలు పొంగుతాయా యాడన్నా? సగం నీళ్లు," అంది ఒకామె.

"సిన్న గిన్నెలో నిండా పోస్తే నీళ్లు కూడా పొంగుతాయి," అంది కూలి మనిషి. గది మధ్యలో మూడు ఇటుకలు పెట్టి, పత్తికట్టెలు మంట వేసి, తనే కూర్చుంది. పొగకు కళ్లు తుడుచుకుంటూ ఊదింది. పాలు ఒక్కసారిగా లేచి తూర్పు పక్కకు పొర్లాయి. పిల్లలు ఈలలు వేశారు. కుడికాలు ముందు పెట్టి, రిబ్బను కింద ఒకరి వెనక ఒకరు వంగి, కేకలు వేస్తూ లోపలికి దూరారు. ఆ సందట్లో ఎవరో సెల్లులో వీడియో తీశారు.

నేను ఎమ్మిగనూరుకు చేరేలోపల ఆ వీడియో ఆదోనికి చేరింది. అధ్యక్షుడు ఫోనులో అరవలేదు. ఆయన అరవకపోతేనే నాకు భయం.

"నువ్వు పంపిన ఫోటోలో పెద్దాయనకు దండం పెడతాండారు. ఈ వీడియోలో అదే గదిలో పాలు పొంగిస్తాండారు. ఏందన్నా ఇది? పెద్దన్న సూస్తే నన్నేమంటాడు? పొద్దున పోయి పిల్లోల్లను బయటికి పంపి తాళమేసిరా. ఆయన వచ్చి తెరిసే దాకా అది తెరసకూడదు. అయిపోయినాక ఆఫీసుకు రా."

తెల్లవారకముందే మళ్లీ ఆ పల్లెకు వెళ్లాను. లారీ అప్పటికే బడి ముందు నిలబడి ఉంది. మూటలు, గిన్నెలు, కోళ్ల గంప. చలికి దుప్పట్లు కప్పుకున్న జనం. నిన్న చాపలు చుట్టిన తల్లుల్లో కొందరు పిల్లలను హాస్టల్లోనే ఉంచారు. కొందరు ఉంచలేదు. ఒకాయన తన ఇద్దరు కొడుకులను ఎత్తి లారీలో వేస్తుంటే నేను చూస్తూ ఉండిపోయాను. వాళ్ల తల్లి, "ఏం సేసినా సావుదీపం సావుదీపమేన్నా," అని నాకు సమాధానం చెప్పినట్టు అంది. నేను పెట్టిన దీపం అది. ఆమెతో వాదించే హక్కు నాకు లేదు.

కూలి మనిషి కూతురిని వెంటబెట్టుకుని లారీ దగ్గరికి వచ్చింది. మేస్త్రీ లైటు వేసి చూశాడు.

"ఇద్దరు గదా? ఎక్కండి, ఎక్కండి."

"ఒక్కదాన్నే."

"మీ ఆయన ఇద్దరని సెప్పినాడే. పాప చేతులు సన్నవి. కాయ బాగా తెంపుతాది."

"అంత సన్న చేతులు కావల్లంటే నీ బిడ్డను తెచ్చుకోపో," అంది ఆమె. లారీలో ఉన్న ఆడవాళ్లు గొల్లున నవ్వారు. మేస్త్రీ లైటు ఆర్పేశాడు.

ఆమె నా వైపు తిరిగింది. రాత్రి ఫోను సంగతి ఆమెకు తెలియదు. అయినా అడిగింది.

"అన్నా, ఒగ మాట. నేను పోయినాక మళ్ల తాళమేయరు గదా? ఏస్తారంటే ఇప్పుడే సెప్పు. ఎక్కిచ్చుకుని పోతా. దోవలో ఇడిసిపెట్టినట్టు అయితే పిల్ల ఆగమైపోతాది."

తాళంచెవి నా జేబులోనే ఉంది. ఇంత సూటిగా నన్ను ఎవరూ అడగరు. ఎంతమంది వస్తారన్నా, ఎన్ని కుర్చీలన్నా అని అడుగుతారు. అటూ ఇటూ కొంచెం తేడా పెట్టుకుని చెబుతాను. దీనికి తేడా పెట్టుకోవడానికి వీల్లేదు.

"వెయ్యరు," అన్నాను. "నేను వెయ్యనీయను. నువ్వు పో."

ఆమె నా ముఖంలోకి చూసింది. ఏం కనబడిందో తెలియదు. కూతురి తల మీద చేయి వేసి, "అవ్వను పక్కన పండుకోమన్నా. భయపడాకు. పేలు సూపించుకో," అంది. పైకి ఎక్కడానికి ఎవరో చేయి అందించారు. లారీ కదిలింది. ఆ పిల్ల చేయి ఊపలేదు, ఏడవలేదు. లారీ మలుపు తిరిగే దాకా నిలబడి, తర్వాత చలికి చేతులు రుద్దుకుంటూ రిబ్బను కింద వంగి లోపలికి వెళ్లింది. కొట్టంలో వంటమనిషి పొద్దుటి టిఫినుకు, ఉగ్గాని చేయడానికి బొరుగులు నానబెడుతోంది. తాళం, తాళంచెవి రెండూ ఆమె చేతికిచ్చి, ఇవి ఎవరు అడిగినా నన్ను అడగమని చెప్పాను.

ఆదోనికి వెళ్లేసరికి పొద్దెక్కింది. ఆఫీసులో ఇంకో సంతాప సభకు ఏర్పాట్లు జరుగుతున్నాయి. అధ్యక్షుడు నన్ను చూసి పక్క గదిలోకి రమ్మన్నాడు.

"ఏసినావా తాళం?"

"ల్యాదప్పా."

"ల్యాదా?"

"పిల్లోల్లు లోపల ఉండారు. అమ్మానాయన్లు లారీ ఎక్కిపోయినారు. ఇప్పుడు బయటికి పంపితే ఆ పిల్లోల్లకు పోను ఇండ్లు ల్యావు, తాళాలేసి ఉండాయి. పంపల్లంటే మీరే వచ్చి పంపండి. నాకు చేతకాదు. పెద్దన్న వచ్చినప్పుడు రిబ్బను ఉంటాది. అది తెగల్యా."

బయట ఎవరో మైకు టెస్టింగ్ అని అరుస్తున్నారు గానీ మైకు మోగడం లేదు.

"పెద్దన్న ప్రోగ్రాం పనులు ఇంగ నువ్వు సూడొద్దు," అన్నాడు. "వేరే వాళ్లకు చెప్తా."

"సరే."

"ఎంతమంది ఉండారు లోపల?"

చెప్పాను. ఉండాల్సినంత మంది లేరు. ఆ సంగతి కూడా చెప్పాను. కిటికీ పక్క పిల్ల సంగతి చెప్పలేదు. ఆయన గడ్డం గోక్కుని, కిటికీలోంచి బయటికి చూశాడు.

"ఉండనీలే," అన్నాడు. "ఆ మైకు వైరు ఎక్కడో తెగినట్టుండాది. పోయి సూడు."

వెళ్లి చూశాను. వైరు తెగలేదు, ప్లగ్గు వదులైంది. బిగించాను. ఫోటోను బండి మీది నుంచి దింపి, తువ్వాలు విప్పి, కుర్చీలో పెట్టి, దండ కోసం పూల అంగడికి నడిచాను.